సర్ ఆల్బన్ గారి అభిప్రాయం

స్కార్‌బెక్ పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, తమ పార్లమెంటు సభ్యులు సర్ ఆల్బన్ టర్వీ గారు సభలో అడుగు పెట్టి ఇరవై ఎనిమిదేళ్ళు నిండిన శుభసందర్భంలో, ఇన్నేళ్ళలోనూ తమ సిద్ధాంతం వెంట్రుకవాసి కూడా కదలలేదని ప్రకటించారు. ప్రకటన ఊరి పత్రికలో మొదటి పేజీలోనే పడింది. పక్కన ఆయన ఫోటో. ఫోటోలో ఆయన కుడిచెయ్యి గుండె మీద ఉంది.

ఆ ప్రకటనలో ఒక్క అబద్ధం లేదు. రైళ్ళు ప్రజల సొత్తుగానే ఉండాలని ఆయన గర్జించినప్పుడు ఆ చెయ్యి ఆ గుండె మీదే ఉంది. రైళ్ళు అమ్మేస్తే తప్ప దేశం బాగుపడదని గర్జించినప్పుడూ అక్కడే ఉంది. అమ్మేసిన రైళ్ళు వేళకు రావడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడు కూడా చెయ్యి తియ్యలేదు, ఎడమచేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు. యూరప్‌తో కలవాలన్నారు, కలవకూడదన్నారు, కలిసీ కలవనట్టుండాలన్నారు. అంత స్థిరమైన మనిషి ఆ దేశంలోనే అరుదు.

మధ్యలో ఒక ఆరునెలలు తూనికలు కొలతల శాఖకు ఉపమంత్రి కూడా చేశారు. ఆయన హయాంలో పౌను పౌనుగానే ఉంది. అంగుళం ఒక్క పిసరు తగ్గలేదు. ఆ సేవకే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది.

ఇంతటి మహానుభావుడి అభిప్రాయాలు ఎక్కడ తయారయ్యేవంటే, లండన్లో కాదు. స్కార్‌బెక్ బజారు వీధిలో మాంసం కొట్టు మీది గదిలో. అది పార్టీ ఆఫీసు. కింద గొర్రె తొడలు వేలాడుతుంటాయి, పైన ప్రజాస్వామ్యం నడుస్తుంటుంది. ఆ ఆఫీసులో కార్యదర్శి మిసెస్ మేవిస్ డట్టన్. పొట్టి మనిషి, గట్టి మనిషి, ఎప్పుడూ ఆకుపచ్చ ఉన్ని కోటు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడదే ఆ కుర్చీ.

శనివారం పొద్దున్నే సర్ ఆల్బన్ రైలు దిగి వచ్చి, టోపీ కొక్కేనికి తగిలించి, మేవిస్ ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, అప్పుడు అడిగేవారు.

"మిసెస్ డట్టన్, ఇవాళ ఏముంది?"

"గుట్ట మీది కాలిబాట గొడవండీ సర్ ఆల్బన్."

"ఆహా. ఈ విషయం మీద నా అభిప్రాయం ఏమిటి?"

"పొద్దున గొర్రెల కాపరులు వస్తారు. వాళ్ళకి బాట మూసెయ్యాలి. మధ్యాహ్నం నడకసంఘం వాళ్ళు వస్తారు. వాళ్ళకి బాట తెరవాలి."

"మరి సాయంత్రం?"

"సాయంత్రానికి మీరు రైలెక్కేస్తారండీ."

"చాలా సమతూకమైన అభిప్రాయం," అని సర్ ఆల్బన్ మెచ్చుకుని రెండో బిస్కెట్ తీసుకునేవారు.

మేవిస్‌కి ఆయనంటే కోపం ఏమీ లేదు. పసిపిల్లాడికి బొత్తాలు పెట్టినట్టు ఆయనకు అభిప్రాయాలు పెట్టేది. పెట్టి, ఇంటికి పోయి మొగుడితో చెప్పి నవ్వుకునేది. మొగుడు విల్ఫ్, బస్సు డ్రైవరు. స్కార్‌బెక్ నుంచి గుట్ట మీదుగా నగరానికి పోయే బస్సు తోలి తోలి రిటైరయ్యాడు. ఆ గుట్ట సంగతి అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నవంబరు వచ్చిందంటే ఆ దారి మంచులో ఎప్పుడు మూసుకుపోతుందో, మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో దేవుడికే తెలియాలి.

రిటైరైన రెండేళ్ళకి విల్ఫ్‌కి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. అదృష్టం ఏమిటంటే ఆ యంత్రం ఊళ్ళోనే ఉంది. స్కార్‌బెక్‌కి ఒక చిన్న ఆసుపత్రి ఉంది, రాతిగోడలూ, ముందు గులాబీ మొక్కలూ, ఇరవై మంచాలూ. యంత్రాన్ని ప్రారంభించింది కూడా సర్ ఆల్బనే. రిబ్బను కత్తిరించి, ఇది టీ కాచే యంత్రమా అని అడిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, "నా ఊపిరి ఉన్నంతకాలం ఈ ఆసుపత్రి తలుపు మూతపడదు" అన్నారు. చప్పట్లు మోగాయి. విల్ఫ్ మంచం కిటికీ పక్కన. అక్కణ్ణుంచి క్రికెట్ మైదానం కనిపిస్తుంది. నాలుగు గంటలు పడుకుని, ఎవడు ఎలా అవుటయ్యాడో నర్సులకి వ్యాఖ్యానం చెప్పేవాడు.

అలాంటి రోజుల్లో ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. చిన్న ఆసుపత్రుల్లో జనానికి సరైన వైద్యం అందడం లేదు కనుక, వాళ్ళ మేలు కోరి వాటిని మూసేస్తారట. మూసేసే ఊళ్ళ పేర్లు బిల్లు చివర ఉన్నాయి. స్కార్‌బెక్ ఉంది. ప్రభుత్వం సర్ ఆల్బన్ గారి పార్టీదే.

శనివారం మేవిస్ టీ ఇవ్వలేదు. ముందు పత్రిక ఆయన ముందు పడేసింది.

"సర్ ఆల్బన్, ఇదేమిటి?"

"చూశాను మిసెస్ డట్టన్. హృదయవిదారకం. దీని మీద పోరాడుతూనే ఉన్నాను."

"ఎక్కడ?"

"లోపల."

"పార్టీ లోపలా?"

"ఇంకా లోపల," అని సర్ ఆల్బన్ కోటు మీద తట్టి చూపించారు. "పైకి మాత్రం ప్రభుత్వంతో ఓటెయ్యాలి. మేజర్ క్విల్టర్ చీటీ పంపాడు. కింద మూడు గీతలు గీశాడు. మూడు గీతలంటే తెలుసుగా?"

తెలియకేం. మేజర్ పార్టీ విప్. విప్ ఒక గీత గీస్తే వస్తే రండి అని. రెండు గీస్తే తప్పక రండి అని. మూడు గీస్తే స్ట్రెచర్ మీదైనా రండి అని.

"ఇక్కడ ఒక్క పేరు తీసెయ్యమని సవరణ పెడుతున్నారు ప్రతిపక్షం వాళ్ళు," అంది మేవిస్. "స్కార్‌బెక్ పేరు. మీరు ఆ సవరణకి ఓటేస్తే చాలు. మా విల్ఫ్ ఆ యంత్రం మీదే బతుకుతున్నాడు, మీకు తెలుసు. మంచు పడిన రోజున నలభై మైళ్ళు గుట్ట దాటి ఎలా పోతాడు?"

"పాపం విల్ఫ్," అన్నారు సర్ ఆల్బన్, నిజంగానే బాధపడుతూ. "అతనికి నా సానుభూతి చెప్పండి. బిస్కెట్లు అయిపోయాయా?"

ఇంటికి పోయి మేవిస్ జరిగింది చెప్పింది. విల్ఫ్ చాలాసేపు నవ్వాడు.

"పోనీలే పిల్లా," అన్నాడు. అరవై దాటినా ఆవిడని పిల్లా అనే పిలుస్తాడు. "ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన అభిప్రాయాలకి ఇస్త్రీ చేసి పంపావు. ఇప్పుడు చొక్కా మనకి సరిపోలేదని ఏడిస్తే ఎలా?"

"నోరు ముయ్యి ముసలోడా," అని మేవిస్ వంటింట్లోకి పోయింది. అక్కడ చాలాసేపు కుళాయి విప్పి ఉంచింది.

ఇప్పుడు పార్లమెంటులో ఓటు ఎలా వేస్తారో చెప్పాలి. చెయ్యెత్తరు, బొత్తం నొక్కరు. గంట మోగుతుంది. ఎనిమిది నిమిషాల్లో సభ్యులంతా లేచి నడవాలి. అవునన్నవాళ్ళు కుడివైపు నడవాలోకి, కాదన్నవాళ్ళు ఎడమవైపు నడవాలోకి. తలుపులు మూసేస్తారు. తర్వాత గొర్రెల్ని లెక్కపెట్టినట్టు ఒక్కొక్కరినీ లెక్కపెట్టి బయటికి వదులుతారు. అంతే. ఎందుకు నడిచావని అడిగేవాళ్ళు ఉండరు. సర్ ఆల్బన్ గారు ఇరవై ఎనిమిదేళ్ళుగా అలా నడుస్తున్నారు. ఎటు నడవాలో ఆయన ఎన్నడూ ఆలోచించి తల పాడుచేసుకోలేదు. తలుపుల దగ్గర మేజర్ క్విల్టర్ నిలబడి ఉంటాడు. అతని గడ్డం ఎటు తిరిగితే అటు.

బిల్లు ఓటుకొచ్చిన రోజే స్కార్‌బెక్ పార్టీ మహిళల వార్షిక విహారయాత్ర పడింది. ఏటా జూన్‌లో ఒక బస్సు కట్టుకుని లండన్ పోతారు. పార్లమెంటు వసారాలో, థేమ్స్ నది పక్కన, తమ సభ్యుడితో కూర్చుని స్ట్రాబెర్రీలూ మీగడా తింటారు. మేవిస్ రానంది. విల్ఫే పంపాడు. "నేను ఎలాగూ యంత్రం మీదే పడుంటాను. నువ్వు పోయి మీగడ తిను. మనం కట్టిన పన్నే అది."

వసారాలో ఆడవాళ్ళు టోపీలు సర్దుకుంటూ కూర్చున్నారు. సర్ ఆల్బన్ మూడో కేకుకి జామ్ రాస్తూ తూనికల శాఖలో తన అనుభవాలు చెబుతున్నారు. గంట మోగింది.

సర్ ఆల్బన్ లేచారు. చేతులకి జామ్. మేజర్ పంపిన చీటీ కోసం చూసుకుంటే, అది టీకెటిల్ కింద తడిసి ముద్దయి ఉంది. మూడు గీతలూ కలిసి ఒక్క చెరువైపోయాయి.

"మిసెస్ డట్టన్," అన్నారాయన అలవాటుగా, "ఇవాళ మన ఊరి పేరు మీద ఏదో ఉందట. ఈ విషయం మీద నా అభిప్రాయం ఏమిటి?"

మేవిస్ చేతిలో చెంచా ఆగిపోయింది. నది మీద ఒక పడవ పోతోంది. ఇదే వేళకి స్కార్‌బెక్‌లో విల్ఫ్ చేతికి గొట్టాలు తగిలించుకుని, కిటికీలోంచి చూస్తూ, బౌలర్ని తిడుతూ ఉంటాడు. డిసెంబరులో ఏం చేస్తుంటాడు?

"కుడి నడవా, సర్ ఆల్బన్," అంది.

"కుడి. మంచిది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "మేజర్ గడ్డం ఎడమకి తిరిగి ఉంటే?"

"తిరిగే ఉంటుందండీ. నలుగురూ చూస్తుంటారుగా, పైకి అలాగే తిప్పాలి. తెలిసినవాళ్ళు కుడికి పోతారు."

సర్ ఆల్బన్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎంత లోతు!" అని, జామ్ చేతులతోనే పరిగెత్తారు.

సవరణ ఒక్క ఓటుతో గెలిచింది. స్కార్‌బెక్ పేరు బిల్లులోంచి ఎగిరిపోయింది.

సర్ ఆల్బన్ నడవాలోంచి బయటికి వచ్చేసరికి ప్రతిపక్షం వాళ్ళు ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. మేజర్ క్విల్టర్ మొహం బీట్‌రూట్ దుంపలా ఉంది. సర్ ఆల్బన్ అతని వంక చూసి రహస్యంగా కన్ను గీటారు. మేజర్ గోడ పట్టుకున్నాడు.

వసారా దగ్గర పత్రికలవాళ్ళు మూగారు.

"సర్ ఆల్బన్! ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ పార్టీ మాట జవదాటని మీరు, ఇవాళ సొంత ప్రభుత్వాన్నే ఓడించారు. ఎందుకు?"

ఓడించిన సంగతి సర్ ఆల్బన్‌కి అప్పుడే తెలిసింది. ఆయన మేవిస్ వైపు తిరిగారు. పెదవులు మాత్రం కదిలాయి.

"అంతరాత్మ," అని గొణిగింది మేవిస్.

"అంతరాత్మ!" అన్నారు సర్ ఆల్బన్. చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది. తెల్ల చొక్కా మీద ఎర్రగా జామ్ ముద్ర పడింది.

"ఎప్పటినుంచి ఉందండీ మీకు అంతరాత్మ?"

మళ్ళీ మేవిస్ వైపు చూశారు. మళ్ళీ పెదవులు కదిలాయి, మేవిస్ మళ్ళీ అందించింది.

"చిన్నప్పటినుంచీ," అన్నారు గంభీరంగా. "వాడే అవసరం ఇప్పుడొచ్చింది."

మర్నాడు దేశంలో ఏ పత్రిక చూసినా ఆ చొక్కా ఫోటోనే. గుండెలోంచి రక్తం కారుతున్నట్టుందని అందరూ అన్నారు. స్కార్‌బెక్‌లో చర్చి గంటలు మోగించారు. బేకరీలో అంతరాత్మ బన్ను అని ఒకటి పెట్టారు, లోపల జామ్ ఉంటుంది. విల్ఫ్‌కి ఆసుపత్రిలో నర్సులు రెండు బన్నులు తెచ్చిపెట్టారు. అతను తిని, మేవిస్‌ని పక్కకి పిలిచి, చెవిలో అన్నాడు, "పిల్లా, ఇంత అబద్ధమాడతావని తెలిస్తే నిన్ను ఇంకో పదేళ్ళు ముందే పెళ్ళి చేసుకునేవాణ్ణి."

ఆ వేసవంతా మేవిస్ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆఫీసులో పాటలు పాడుకుంటూ పనిచేసేది. సర్ ఆల్బన్ గారి సంగతి ఇక చెప్పేదేముంది! ఒక విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. బళ్ళలో పిల్లలకి అంతరాత్మను ఎలా పెంచుకోవాలో ఉపన్యాసాలిచ్చారు, రోజూ పొద్దున చన్నీళ్ళ స్నానం చెయ్యమన్నారు. టెలివిజన్లో తత్త్వవేత్తల పక్కన కూర్చోబెట్టారు. తత్త్వవేత్తలు మాట్లాడినంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. దేశం దాన్ని ధ్యానం అనుకుంది. చివరి గురకను మాత్రం ఎవరూ ఏమీ అనుకోలేదు.

స్కార్‌బెక్ మేయరు మిస్టర్ ఒర్మెరాడ్ ఆసుపత్రి గోడలో పెట్టించడానికి శిలాఫలకం చెక్కించడం మొదలుపెట్టాడు. రాయి ఖరీదైనది, పొలిమేర గనిలోది. "ఈ ఆసుపత్రిని తమ అంతరాత్మతో కాపాడినవారు" అని పెద్ద అక్షరాలు.

అక్టోబరులో ప్రధానమంత్రి సర్ ఆల్బన్‌ని భోజనానికి పిలిచారు. శనివారం సర్ ఆల్బన్ టోపీ తియ్యకుండానే చెప్పేశారు.

"మిసెస్ డట్టన్, నన్ను లార్డును చేస్తారట! పై సభ! బతికినంతకాలం! ఎన్నికలుండవు! ఇలాంటి అంతరాత్మ కింది సభలో వృథా అవుతోందని ప్రధానమంత్రి స్వయంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మేజర్ క్విల్టర్ తన చేత్తో నాకు కోటు తొడిగాడు."

మేవిస్ కూడా సంబరపడింది. సంబరపడి ఇంటికి పోయి చెప్పింది. విల్ఫ్ నవ్వలేదు.

"పైకి పోతే, కింద ఆయన కుర్చీలో ఎవరు?"

"ఉప ఎన్నిక వస్తుందిగా."

"ఎప్పుడొస్తుంది?"

అది మేవిస్‌కి బాగా తెలిసిన సంగతే. ఖాళీ అయిన సీటు ఏ పార్టీదో, ఉప ఎన్నిక ఎప్పుడు కావాలో ఆ పార్టీ విప్పే సభలో అడగాలి. అదే అక్కడి ఆనవాయితీ. అంటే మేజర్ క్విల్టర్ అడగాలి. మేజర్ ఎందుకు అడుగుతాడు? పై సభ వాళ్ళు బిల్లులో స్కార్‌బెక్ పేరు మళ్ళీ చేర్చేశారు, ఆ వారమే. మార్చారు కనుక అది మళ్ళీ కిందికి రావాలి, ఆ పేరు తీసెయ్యాలా అని మళ్ళీ గంట మోగాలి, మళ్ళీ అందరూ నడవాలి.

అప్పుడు స్కార్‌బెక్ తరఫున నడవడానికి కాళ్ళే ఉండవు.

మర్నాడు ఆదివారం. చర్చి వాకిట్లోనే మేవిస్ ఆయన్ని పట్టుకుంది.

"సర్ ఆల్బన్, ఆ లార్డు సంగతి. దాని మీద మీ అభిప్రాయం ఏమిటంటే, మీరు వద్దంటున్నారు."

"నేనా?"

"మీరే. ఆ ఓటు అయ్యేదాకా కింది సభలోనే ఉంటానంటున్నారు. అంతరాత్మ."

సర్ ఆల్బన్ ఆవిడని జాలిగా చూశారు. భుజం మీద చెయ్యి వేశారు.

"మిసెస్ డట్టన్, ఇరవై ఎనిమిదేళ్ళలో మీరు చెప్పిన ఏ అభిప్రాయాన్నీ కాదనలేదు. గొర్రెలు, రైళ్ళు, యూరప్, దేవుడు, అన్నీ మీ దయే. కానీ ఈ ఒక్క విషయం మీద నాకు సొంత అభిప్రాయం ఉంది."

ఉంటుందని మేవిస్ కలలో కూడా అనుకోలేదు.

"విల్ఫ్ చచ్చిపోతాడు," అంది, ఏ మర్యాదా లేకుండా.

"ఛ, ఛ. పై సభలో నా మాటకి ఎంత విలువో మీకు తెలియదు. అక్కణ్ణుంచి ఇంకా బలంగా పోరాడతాను. ఇంకా లోపల." అని కోటు తట్టుకున్నారు. "మీ ఇద్దరూ పట్టాభిషేకానికి రావాలి. కేకులు ఉంటాయి."

విల్ఫ్ పోదామన్నాడు. "పోదాం పిల్లా. మనం చేసిన బొమ్మని ఎక్కడ నిలబెడతారో చూడొద్దూ?"

పై సభలో అంతా ఎరుపే. తివాచీ ఎరుపు, కుర్చీలు ఎరుపు. సర్ ఆల్బన్ గారికి కూడా ఎర్ర ఉన్ని అంగీ తొడిగారు, మెడ చుట్టూ తెల్లని బొచ్చు పెట్టారు. వంగమన్నచోట వంగారు. ప్రమాణం చదవమంటే చదివారు. స్కార్‌బెక్ లార్డ్ టర్వీగా పైకి లేచారు. తర్వాత టీ గదిలో మేవిస్ దంపతులకి ఎదురుగా అంగీతోనే కూర్చుని, కేకుకి జామ్ రాయడం మొదలుపెట్టారు.

గంట మోగింది.

లార్డ్ టర్వీ చటుక్కున లేచారు. "మిసెస్ డట్టన్! ఏ నడవా?"

మేవిస్ ఆయన్ని చూసింది. మొగుణ్ణి చూసింది.

"కుడి!" అంది. "పరిగెత్తండి!"

పాపం, డెబ్భై రెండేళ్ళ మనిషి, ఆ బరువు అంగీ ఎత్తి పట్టుకుని నిజంగానే పరిగెత్తారు. మేవిస్ వెనకే పరిగెత్తింది. ఎర్ర తివాచీ దాటారు, మధ్య హాలు దాటారు, ఆకుపచ్చ తివాచీ మొదలయ్యే చోటికి వచ్చారు. అక్కడ నల్లకోటు ద్వారపాలకుడు ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"క్షమించాలి మై లార్డ్. ఇది కింది సభ ఓటు. తమకి ఇక్కడ ఓటు లేదు."

"నేను స్కార్‌బెక్ సభ్యుణ్ణి!"

"స్కార్‌బెక్‌కి సభ్యుడు లేడు మై లార్డ్. ఖాళీ."

లోపల తలుపులు మూసిన చప్పుడు వినిపించింది. మొన్నటి జూన్‌లో జబ్బుపడి ఓటుకి రాలేకపోయిన ప్రభుత్వ సభ్యుడొకాయన ఈసారి వచ్చాడు, చేతికర్ర పట్టుకుని. తమ ఊళ్ళోని చిన్న ఆసుపత్రిలో ఎంత బాగా చూశారో, ఎలా లేపి నిలబెట్టారో దారంతా చెబుతూ ఎడమ నడవాలోకి నడిచాడు.

బిల్లు ఒక్క ఓటుతో గెలిచింది.

"ఓటు దేని గురించి?" అని లార్డ్ టర్వీ అడిగారు ఆయాసపడుతూ.

ద్వారపాలకుడే చెప్పాడు. "ఏవో ఆసుపత్రులట మై లార్డ్."

"ఆహా," అన్నారాయన. బొచ్చు సర్దుకున్నారు. "టీ చల్లారిపోతుంది."

జనవరిలో స్కార్‌బెక్ ఆసుపత్రి మూసేశారు. మంచాలు లారీల్లో పోయాయి. యంత్రం కూడా పోయింది. గులాబీ మొక్కలు మాత్రం ఉన్నాయి. వాటిని మూయడానికి బిల్లులో వీలు లేకపోయింది.

శిలాఫలకం సంగతి పురపాలక సంఘంలో చర్చకు వచ్చింది. చెక్కడం అయిపోయింది. రాయి మంచిది. టీకి కూడా ఆర్డరిచ్చేశారు. ఆసుపత్రి మూసినంతమాత్రాన కాపాడిన ఘనత ఎక్కడికి పోతుందని మేయరు అడిగాడు. ముహూర్తం శనివారం పెట్టారు.

శనివారం అంటే విల్ఫ్ యంత్రం రోజు. ఇప్పుడు యంత్రం నగరంలో ఉంది. పొద్దున్నే అంబులెన్స్ వచ్చింది. మేవిస్ అతని కాళ్ళకి కంబళి చుట్టి పక్కనే కూర్చుంది. ఆఫీసు తాళాలు మాంసం కొట్టువాడికి ముందురోజే ఇచ్చేసింది. సన్నగా మంచు పడుతోంది. గుట్ట దారి మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుందని డ్రైవరు రేడియోలో విన్నాడట. విల్ఫ్ కిటికీలోంచి ఆకాశం వంక చూసి, "పదకొండుదాకా," అన్నాడు. వాళ్ళు బజారు వీధి దాటి ఆసుపత్రి ముందుకి వచ్చేసరికి, రోడ్డు నిండా జనం. బ్యాండు. అంబులెన్స్ ఆగిపోయింది. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. బ్యాండువాళ్ళు అది తమతో శ్రుతి కలిపిందనుకుని ఇంకా గట్టిగా వాయించారు.

తాళం వేసిన తలుపు ముందు వేదిక. వేదిక మీద మేయరు, పక్కన లార్డ్ టర్వీ. మేయరు తాడు లాగాడు. తెర పక్కకి జరిగింది. "ఈ ఆసుపత్రిని తమ అంతరాత్మతో కాపాడినవారు" అని రాయి మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు అలవాటుగా, కొందరు చలికి.

"లార్డ్ టర్వీ!" అని పత్రికల కుర్రాడొకడు మైకు ముందుకి తోశాడు. "ఆసుపత్రి మూతపడింది కదా. దీని మీద మీ అభిప్రాయం?"

చెయ్యి గుండె మీదికి పోయింది. నోరు తెరుచుకుంది. లార్డ్ టర్వీ కుడిపక్కకి తిరిగారు, ఎప్పుడూ ఆకుపచ్చ కోటు ఉండే చోటికి. అక్కడ మేయరు భార్య ఉంది. ఎడమపక్కకి తిరిగారు. బ్యాండు మాస్టరు ఉన్నాడు. అప్పుడు జనం తలల మీదుగా ఆయన కళ్ళు వెతుక్కుంటూ వచ్చి, తెల్ల అంబులెన్స్ కిటికీ మీద ఆగాయి. అద్దం వెనక ఆకుపచ్చ కోటు. ఆయన పెదవులు మెల్లగా కదిలాయి. మూడు, నాలుగు మాటలు. మేవిస్‌కి ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలిసిన మాటలే.

మేవిస్ కిటికీ తెర కిందికి లాగింది.

బయట నిశ్శబ్దం అయిపోయింది. మేయరు అది మౌనం పాటించే ఘట్టమనుకుని తల వంచాడు. మేయరుని చూసి వేదిక మీదివాళ్ళు, వాళ్ళని చూసి జనం, జనాన్ని చూసి బ్యాండువాళ్ళు, అందరూ తలలు వంచారు. అక్కడ నిలబడ్డవాళ్ళంతా తర్వాత ఒకే మాట చెప్పుకున్నారు. ఆయన జీవితంలో అంత నిజాయితీగా ఎన్నడూ మాట్లాడలేదట. ఊరి పత్రిక ఆ నిశ్శబ్దాన్ని మొదటి పేజీలో పూర్తి పాఠంగా ప్రచురించింది, ఒక ఖాళీ గడి, చుట్టూ నల్ల అంచు.

అంబులెన్స్‌లో విల్ఫ్ తల పైకెత్తి చెవి రిక్కించాడు.

"బయట ఏమిటి పిల్లా, చప్పుడే లేదు?"

"లార్డ్ గారు ఆసుపత్రి మీద అభిప్రాయం చెబుతున్నారు," అంది మేవిస్. కంబళి అతని మోకాళ్ళ మీదికి ఇంకాస్త లాగి, ముందున్న అద్దం తట్టింది. "హారన్ కొట్టవయ్యా, మంచు పెరుగుతోంది."